పేరు చెప్పే పుల్ల

పాదులో విత్తనం వేశాక పక్కనే ఓ పుల్ల గుచ్చి పేరు రాయడం ఎంత పని? 1753కు ముందు యూరప్ తోటమాలికి మాత్రం అది కుదిరేది కాదు. అప్పటి శాస్త్రీయ నామం పేరు కాదు, వర్ణన. మన కుప్పంటికి దగ్గర చుట్టమైన ఓ మొక్కను పిలవాలంటే ఏడాదే బతుకుతుంది, కొమ్మలు మెండు, అవి కోణాలు తేలి నున్నగా ఉంటాయి, ఆకు అంచు రంపం అని లాటిన్‌లో ఏకరువు పెట్టాలి. ఇంత భారతం పుల్ల మీద ఎక్కడ పడుతుంది? అంకె వేసి, పేరును పుస్తకంలో దాచేవారు.

1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ వర్ణనను రెండు మాటలకు కుదించాడు: ఫైసాలిస్ యాంగ్యులేటా.

ఇక మిగిలింది వానతో పోరు. ఉన్నవాళ్లు సీసపు రేకు మీద అక్షరాలు కొట్టించేవారు. లేనివాడు కర్రముక్క చెక్కి, మొన తారులో ముంచి, పైన తెల్లరంగు పలచగా పూసి, తడి ఆరకముందే పెన్సిల్‌తో రాసేవాడు. రంగు ఆరేసరికి అక్షరం అందులోనే బిగిసిపోయేది. సిరా కన్నా ఇదే నయం.

ఈ పేరు పుల్లల మీదికి తెలుగూ ఎక్కింది. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్, 1795 నుంచి వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లూ నమోదు చేశాడు. మన సోమిద చెట్టుకు శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. అందులో మొదటి మాట తెలుగే.