జరీ తూకానికి పోయిన తారీఖ్

హైదరాబాద్ తారీఖ్ రాసినవాళ్లు ఎక్కువమంది మర్దానాలో కూర్చుని రాశారు. దర్బారు, ఫర్మానా, ఫౌజు, సియాసత్ అన్నీ అందులో దొరుకుతాయి. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసిందని, 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయని మనం చదువుకుంటాం. ఆ తర్వాత నెల మన ఇండ్లల్లో పొయ్యి ఎట్లా వెలిగిందో మాత్రం ఏ కితాబులోనూ వివరంగా కనపడదు. ఫౌజులో నౌకరీ పోయిన సిపాయి, జాగీరు కచేరీలో ఖలం పట్టిన మున్షీ, దేవ్డీలో వంట చేసిన బావర్చీ అందరూ ఒక్కసారే ఖాళీ చేతులతో ఇంటికొచ్చారు. మరి పిల్లలు ఏం తిన్నారు?

జవాబు జనానాలో ఉంది. ఒకటి సూయి, రెండు సందూఖ్. ఆడవాళ్లు కుట్టారు, ఆడవాళ్లు అమ్మారు. మన ఖాందాన్ల తారీఖ్‌లో సగం ఈ రెండు పనుల మీదే నడిచింది.

ముందు సందూఖ్ సంగతి. పాతకాలపు ఇంట్లో పెళ్లికూతురితో వచ్చిన సందూఖ్ అంటే అది ఆమె ఖజానా. అందులో అడుగున ఖడా దుపట్టా ఉండేది. ఆరు గజాల దుపట్టా, లోపల చోలీ, పైన పల్చటి కుర్తీ, చూడీదార్ పాయిజామా. దుపట్టా చుట్టూ గోటా, పైన సల్మా సితారా పని. ఆ జత పక్కన ఔరంగాబాద్ హిమ్రూ గుడ్డ ఉండేది. ఔరంగాబాద్ 1956 దాకా మన రియాసత్‌లోనిదే. నూలూ పట్టూ కలిపి నేసిన ఆ హిమ్రూతో షేర్వానీలు కుట్టించుకునేవాళ్లు. ఇంకా మష్రూ ఉండేది. మష్రూ అంటేనే 'షరియత్ ఇజాజత్ ఇచ్చినది' అని అర్థం. మగవాళ్లు ఒంటికి పట్టు తగిలించకూడదు కాబట్టి, పైకి పట్టు మెరుస్తూ, లోపల ఒంటికి నూలు తగిలేలా నేసేవాళ్లు. దీన్‌నూ, షౌఖ్‌నూ ఒకే గుడ్డలో కలిపిన నేతగాడి హునర్ అది.

జరీ అంటే ఏందో కూడా చెప్పుకోవాలి. అసలైన జరీలో లోపల వెండి తీగ ఉంటుంది, దాని మీద బంగారు పూత. ఆ తీగను చదును చేస్తే బాద్లా. బాద్లాను పట్టు దారం చుట్టూ చుడితే కలాబత్తు. స్ప్రింగులా మెలితిప్పితే సల్మా. ఇట్లాంటి తీగలతో చెక్క చట్రం మీద గుడ్డ బిగించి కుట్టే పనే జర్దోజీ. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం. ఆ చట్రాన్ని ఉర్దూలో కార్చోబ్ అంటారు. తెలుగు ఇండ్లల్లో దానికి 'మగ్గం' అని పేరు పడింది. ఇవాళ ప్రతి పెళ్లి జాకెట్టు మీదా కనపడే మగ్గం వర్క్ ఈ ఖాందాన్‌లోదే.

ఇప్పుడు 1949 తర్వాతి రోజులు ఊహించండి. అమ్ముకోవడానికి భూమి లేదు, చేతిలో నఖద్ లేదు. నగలు ముందే పోయాయి. మిగిలింది సందూఖ్. పర్దా ఇంటి ఆడమనిషి బజారుకు పోయి అమ్మలేదు. నమ్మకమున్న ఓ ముసలామె బురఖా కింద మూట పెట్టుకుని తీసుకెళ్లేది. లేదా గల్లీలో కేకేసుకుంటూ పోయే పాత జరీ బేరగాడిని దేవ్డీ వెనక తలుపు దగ్గరికి పిలిచేవాళ్లు. తలుపు ఓరగా తెరుచుకునేది, చేయి మాత్రమే బయటికి వచ్చేది. బేరం గుసగుసగా నడిచేది. పక్కింటివాళ్లకు తెలిస్తే ఇజ్జత్ పోతుందని భయం. పక్కింటివాళ్లదీ అదే హాల్!

బేరగాడు ఆ దుపట్టాలో చూసింది వెండిని మాత్రమే. తక్కెడలో పెట్టి, గుడ్డ బరువు అందాజాగా తీసేసి, తులాల లెక్కన పైసలు ఇచ్చేవాడు. తర్వాత దాన్ని కాల్చేవాడు. పట్టూ నూలూ బూడిదయ్యేవి. ఆ బూడిదను నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన లోహాన్ని సుహాగా వేసి కరిగిస్తే వెండి ముద్ద. నెలల తరబడి కళ్లు పోగొట్టుకుని కారీగర్ తీసిన బూటీకి, ఇంటి ఆడపిల్లలు కూర్చుని టాంకిన గోటాకు విలువ ఎంత? సున్న. మెహనత్ బూడిదలో కలిసింది, లోహం మాత్రం తూకానికి నిలిచింది. కాల్చడానికి పనికిరాని పాందాన్లు, ఉగాల్దాన్లు, గడియారాలు, చీనీ రకాబీలు చోర్ బజారుకూ, జుమ్మేరాత్ బజారుకూ చేరాయి. అక్కడినుంచి ఎక్కడెక్కడి షౌఖీన్ల ఇండ్లకో పోయాయి.

సందూఖ్ ఎన్నాళ్లు ఆదుకుంటుంది? అది ఖాళీ అయ్యాక మిగిలింది సూయి. ఇక్కడే కుట్టు మిషన్ ఖిస్సా మొదలవుతుంది.

అమెరికాలో ఐజక్ సింగర్ తన మిషన్‌కు పేటెంట్ తీసుకున్నది 1851లో. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా సింగర్ మన దేశంలో ఊరూరికీ పాకింది. ఆ కంపెనీ మిషన్‌తోపాటు ఒక కొత్త రివాజ్‌ను కూడా తెచ్చింది. అది ఖిస్తు. మొత్తం పైసలు ఒక్కసారి కట్టక్కర లేదు, నెలనెలా కడుతూ మిషన్ మీద సంపాదించుకోవచ్చు. యంత్రాలంటే ముఖం చిట్లించిన గాంధీజీ కూడా కుట్టు మిషన్‌కు మాఫీ ఇచ్చాడు. 1924లో దీని మీద సవాలు వస్తే, లోకంలో పనికొచ్చే కొద్ది వస్తువుల్లో ఇదొకటని తారీఫ్ చేశాడు. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ తయారు కావడంతో దేశీ మిషన్ కూడా దొరికింది.

మన ఇండ్లకు ఈ మిషన్ సరిగ్గా ఎందుకు కుదిరింది? చేతితో తిప్పే మిషన్‌కు బల్ల అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. చాప మీద కూర్చుని, ఒళ్లో పాప ఉన్నా తిప్పొచ్చు. దుకాణం తెరవక్కర లేదు. బట్ట పర్దా దాటి లోపలికి వస్తుంది, కుట్టు అయ్యాక పర్దా దాటి బయటికి పోతుంది. కుట్టిన మనిషి ముఖం ఎవరికీ కనపడదు. జహేజ్ సామాన్‌లో పలంగ్, బిందెలతోపాటు మిషన్ చేరడానికి కారణం ఇదే. కూతురికి ముసీబత్ వస్తే ఆసరాగా ఉంటుందని తల్లి చేసే చిన్న బందోబస్త్ అది.

కానీ ఈ పనికి రెండు పేర్లుండేవి. సొంత ఇంటికి కుడితే హునర్, పైసలకు కుడితే మజ్దూరీ. హునర్‌కు ఇజ్జత్ ఉంది. 1869లో నజీర్ అహ్మద్ రాసిన 'మిరాత్-ఉల్-ఉరూస్' నవలలో మంచి కోడలు అస్గరీకి చదువుతోపాటు కుట్టుపని కూడా వచ్చు. 1898లో లాహోర్‌లో ముహమ్మదీ బేగం సంపాదకత్వంలో మొదలైన 'తహజీబ్-ఎ-నిస్వాన్', 1908లో ఢిల్లీనుంచి వచ్చిన 'ఇస్మత్' ఆడవాళ్లకు చదువు, ఇంటి సలీఖా రెండూ నేర్పాయి. అక్షరం, సూయి రెండూ షరీఫ్ ఆడపిల్ల చేతిలో ఉండాలన్నది ఆ కాలం మాట. అదే పిల్ల పక్కింటి జాకెట్టు కుట్టి ఎనిమిది అణాలు తీసుకుంటే మాత్రం గుట్టుగా ఉంచాలి. మన దీన్‌లో ఈ సిగ్గుకు జగా లేదు. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ జైనబ్ బింతె జహష్ సొంత చేతులతో పని చేసి, ఆ ఆమ్దనీని ఖైరాత్ చేసేవారని హదీస్‌లో ఉంది. ఆ సిగ్గు మజహబ్‌నుంచి రాలేదు, నవాబీ ఠీవినుంచి వచ్చింది.

మా అమ్మీ కూడా ఇంట్లో మిషన్ తిప్పింది. ఆమె కొలతల నోటుబుక్కు నా దగ్గరుంది. అంతా ఉర్దూలో, పెన్సిల్‌తో. కొన్ని కొలతలు అంగుళాల్లో, కొన్ని గిరహ్‌లలో. గజానికి పదహారు గిరహ్‌లు, గిరహ్ అంటే రెండుంపావు అంగుళాలు. గిరాకీల పేర్లు మాత్రం ఉండవు. 'ఇమామ్ సాబ్ ఇల్లు', 'టీచరమ్మ', 'నల్లా పక్క ఖాలా' అనే ఉంటుంది. చివరి ఖానాలో జమా, బకాయా. బకాయాలే ఎక్కువ. నా స్కూలు ఫారంలో తల్లి వృత్తి దగ్గర 'గృహిణి' అని రాసేవాళ్లం. ఆ ఫీజు కట్టింది ఆ మిషనే. జర్నలిస్టుగా ఎన్నో సర్కారీ కాగితాలు చూశాను. ఈ నోటుబుక్కు అంత నిజం చెప్పే దస్తావేజు తక్కువ.

ఇదంతా చదివి, మన తారీఖ్ అంటే నవాబుల ఇండ్లదే అనుకోకండి. ఆంధ్రా, రాయలసీమ పల్లెల్లో దూదేకుల సాయిబుల ఇండ్లు చూడండి. పెద్ద విల్లు పట్టుకుని నారిని టంగ్ టంగ్‌మని మీటుతూ దూది ఏకినవాళ్లు, పరుపులు, మెత్తలు కుట్టినవాళ్లు. లద్దాఫ్ అన్న పేరు దూది ఏకేవాడనే అర్థమున్న అరబ్బీ 'నద్దాఫ్' మాటనుంచి వచ్చింది. పింజారీ, నూర్‌బాషా అని కూడా పిలుస్తారు. బీసీ-బీ జాబితాలో ఈ పేర్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. మగవాళ్లు దూది ఏకుతుంటే, ఆడవాళ్లు కుట్టేవాళ్లు. ఆ పల్లెల్లో పాత బట్ట అమ్మకానికి పోలేదు, బొంత అయింది. చిరిగిన చీరలు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరస కుట్లు వేసి, కొత్తగా పుట్టిన పాప కిందికి పరిచేవాళ్లు. ఒక్క బొంతలో నానీమా చీర, ఫుప్పమ్మ ఓణీ, దాదా లుంగీ మూడూ దొరుకుతాయి. ఫోము పరుపులు, మిల్లు దుప్పట్లు వచ్చి ఆ విల్లును అటక ఎక్కించాయి. దూది మోత ఆగిపోయింది.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. దుబాయి, సౌదీ పైసలతో చాలా ఇండ్లు మళ్లీ నిలబడ్డాయి, సందూఖ్‌లలోకి జపాన్ సిల్కు వచ్చింది. గల్ఫ్ పోలేని ఇండ్లల్లో ఆడవాళ్లు పాతబస్తీ గదుల్లో మగ్గం ముందు కూర్చున్నారు. షేట్ ఇచ్చిన గుడ్డ, షేట్ ఇచ్చిన జరీ, పీసుకింత అని కూలీ. వెండి జరీ పోయి రాగి జరీ వచ్చింది, అది పోయి ప్లాస్టిక్ జరీ వచ్చింది. తర్వాత కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చి ఆ కూలీని కూడా కోసింది. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లనూ మజ్దూర్లుగా గుర్తించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. అంటే కాగితాల మీద మన ఖాలాలు ఇప్పటికీ 'ఖాళీగా' కూర్చున్నట్టే లెక్క.

ఇప్పుడు గాలి మళ్లీ తిరిగింది. ఒకప్పుడు తూకానికి పోయిన వస్తువుకు 'వింటేజ్' అని పేరొచ్చింది. మన పిల్లలు ఫోన్లో ఫొటోలు పెట్టి పాత గోటా, హిమ్రూ ముక్కలు, పాందాన్లు అమ్ముతున్నారు. పాత దుపట్టా అంచు తీసి కొత్త దుపట్టాకు వేస్తున్నారు, మిగిలిన ముక్కతో బటువాలు కుడుతున్నారు. ఇది నాకు ఖుషీగానే ఉంది. అమ్మడంలో ఐబ్ ఏమీ లేదు. మన దాదీమాలు ఆకలికి అమ్మారు, మనవరాళ్లు తెలివితో అమ్ముకోవాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల అల్మారాను పురానీ హవేలీలో జాగ్రత్తగా దాచారు. నిలోఫర్ ఫర్హత్ బేగం సాహెబా చీరలు న్యూయార్క్‌లో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియంలో ఉన్నాయి. మన ఇంటి దుపట్టాకు మ్యూజియం లేదు. మనమే దానికి ముహాఫిజ్‌లం.

అందుకని కొన్ని మాటలు. మీ ఇంట్లో పాత జరీ గుడ్డ ఉంటే ముందు అదేమిటో తెలుసుకోండి. ఊడిపోయిన ఒక్క పోగును గోటితో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే వెండి, ఎర్రగా ఉంటే రాగి. నిప్పు దగ్గర పెడితే కరిగి ముద్దయ్యేది ప్లాస్టిక్. నల్లబడిందని పారేయకండి. వెండికి గాలి తగిలితే నల్లబడటం సహజం. ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి, ఉతికిన మల్‌మల్ గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఏడాదికి రెండుసార్లు మడత మార్చండి. ఒకే మడత మీద ఉంటే పట్టు అక్కడే చిరుగుతుంది. చిరిగినది కోసి బటువా చేసుకోండి, సాబుత్‌గా ఉన్నదానికి కత్తెర పెట్టకండి.

అమ్మాలనుకుంటే తూకానికి మాత్రం అమ్మకండి. వెండికి ఒక ధర, కుట్టుకు ఒక ధర, ఉమర్‌కు ఒక ధర విడివిడిగా చెప్పండి. అమ్మే ముందు ఫొటో తీసుకోండి. ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి పక్కన కూర్చుని అడగండి: ఇది ఎవరి పెళ్లిది? ఎవరు కుట్టారు? ఇది కాక ఇంకేమేం అమ్మారు, ఏ సాల్‌లో, దేనికోసం? మూడో సవాలు దగ్గర ఆమె కాసేపు ఖామోష్‌గా ఉండిపోతుంది. తొందర పెట్టకండి. చాయ్ పోసి ఇవ్వండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. దుపట్టా పోయినా ఆ కాగితం ఇంట్లో ఉంటుంది.