పూచీ ఎవరిది?

'జామీను' అన్న మాట అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా మనకు చేరింది. మూలంలో అది కాగితం పేరు కాదు, మరొకరి కోసం పూచీపడే మనిషి పేరు. మన న్యాయస్థానాల్లో మాత్రం ఆ మనిషి కంటే అతని పొలమూ, ఇల్లూ ముఖ్యమైపోయాయి. ఆస్తి చూపించగలిగినవాడు ఇంటికి చేరాడు. చూపించలేనివాడు నేరం రుజువు కాకుండానే జైల్లో మిగిలాడు.

1978 నాటి మోతీరామ్ కేసు ఇందుకు సాక్ష్యం. అతడు మధ్యప్రదేశ్‌కు చెందిన పేద తాపీమేస్త్రీ. బెయిలు ఇవ్వమని సుప్రీంకోర్టే ఆదేశించినా, కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు అడిగాడు. అన్నదమ్ముడు పూచీపడతానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చాడు. మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన తెలుగువాడు, మలయాళీ అక్కడ ఆస్తి ఉన్న పూచీదారును ఎలా తేగలరని జస్టిస్ కృష్ణయ్యర్ తన తీర్పులో ప్రశ్నించారు. 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై మేస్త్రీని విడుదల చేయించారు.

మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళ సంగతి బయటపడింది. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే గడిపినవారు అక్కడ కనిపించారు. సత్వర విచారణ 21వ అధికరణంలోని జీవన హక్కులో భాగమేనని కోర్టు ప్రకటించింది.

చట్టం మారడానికి మరో పాతికేళ్ళు పట్టింది. బెయిలుకు వీలున్న నేరంలో అరెస్టయి వారం లోపల పూచీదారును తేలేకపోతే, ఆ వ్యక్తిని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తుపై వదలాలని 2005 నాటి సవరణ చెప్పింది. పిలిచినప్పుడు కోర్టుకు హాజరవుతానని అతడు రాసిస్తే చాలు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ నియమాన్ని నిలుపుకుంది.

అయినా 2023 జనవరిలో, స్థానిక పూచీదారే కావాలన్న పట్టుదల వల్ల విడుదలలు ఆలస్యమవుతున్నాయనీ, అలాంటి సందర్భాల్లో ఆ షరతు విధించవద్దనీ సుప్రీంకోర్టు కింది కోర్టులకు మళ్ళీ చెప్పవలసి వచ్చింది. మేస్త్రీ కేసు ముగిసి అప్పటికి నలభై నాలుగేళ్ళు దాటింది. తీర్పు వెలువడడం ఒక ఎత్తు. అది మేజిస్ట్రేటు బల్ల దాకా చేరడం మరో ఎత్తు. ఆ రెండింటి మధ్య దూరాన్ని పేదవాడు జైల్లో రోజులు లెక్కపెట్టుకుంటూ కొలుస్తున్నాడు.