స్పెక్యులాస్

స్పెక్యులాస్ అనునది నెదర్లాండ్స్, బెల్జియం దేశాలలోను, జర్మనీ పశ్చిమ ప్రాంతాలలోను తయారుచేసే పలుచని, కరకరలాడే మసాలా బిస్కట్టు. సెయింట్ నికొలస్ పండుగకు (నెదర్లాండ్స్‌లో డిసెంబరు 5 సాయంత్రం, బెల్జియంలో డిసెంబరు 6) దీనిని ప్రత్యేకంగా చేస్తారు. దుకాణాలలో ఏడాది పొడుగునా లభిస్తున్నప్పటికీ, ఇంట్లో కాల్చుకొనే అలవాటు పోలేదు. పేరు ఎలా వచ్చిందనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. అద్దం అనే అర్థమున్న లాటిన్ పదం నుండి వచ్చిందని కొందరి అభిప్రాయం. అచ్చులోని బొమ్మ బిస్కట్టుపై ప్రతిబింబంలా పడుతుంది కనుక ఇది సమంజసంగానే తోస్తుంది.

మసాలా దినుసులు, చరిత్ర

ఇందులో దాల్చినచెక్క పాలు ఎక్కువ. లవంగాలు, జాజికాయ, శొంఠి, యాలకులు, తెల్ల మిరియాలు కొద్దికొద్దిగా చేరుతాయి. వీటిలో ఏదీ నెదర్లాండ్స్‌లో పండేది కాదు. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఈ వ్యాపారంపై గుత్తాధిపత్యం కోసం యుద్ధాలు చేసింది. అప్పట్లో జాజికాయ ప్రపంచం మొత్తంలో ఇండోనేషియాలోని బాండా దీవులలోనే పండేది. 1621లో యాన్ పీటర్స్‌జూన్ కూన్ నాయకత్వంలో కంపెనీ సేనలు ఆ దీవులను ఆక్రమించాయి. స్థానికులలో అత్యధికులు చంపబడ్డారు, ఆకలితో మరణించారు లేదా బానిసలుగా తరలించబడ్డారు. ఈ వ్యాపారంతో తెలుగు తీరానికీ సంబంధం ఉంది. మచిలీపట్నంలో డచ్చివారు కొన్న నూలు వస్త్రాలను తూర్పు దీవులకు తీసుకువెళ్ళి, సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఇచ్చేవారు.

తయారుచేసే విధానం

250 గ్రాముల మైదాకు 125 గ్రాముల వెన్న, 125 గ్రాముల బ్రౌన్ షుగర్, రెండు చెంచాల మసాలా పొడి, చిటికెడు ఉప్పు, రెండు మూడు చెంచాల పాలు సరిపోతాయి. గుడ్డు అవసరం లేదు. బేకింగ్ పౌడరు అర చెంచాకు మించితే పిండి పొంగి బొమ్మ చెదిరిపోతుంది. ముద్దగా కలిపిన పిండిని ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచడం మంచిది. మసాలా వాసన పిండికంతటికీ పడుతుంది, వెన్న గట్టిపడి అచ్చులో సులువుగా నిలుస్తుంది.

సంప్రదాయ అచ్చులు చెక్కతో చెక్కినవి. గాలిమర, నికొలస్ రూపం వంటి బొమ్మలు ఉంటాయి. అచ్చులో బియ్యప్పిండి చల్లి, పిండిని గట్టిగా అదిమి, అంచున తట్టి బోర్లిస్తారు. అచ్చు లేనివారు పలుచగా వత్తి ముక్కలుగా కోసుకోవచ్చు. 170 డిగ్రీల సెల్సియస్ వేడిలో సుమారు 20 నిమిషాలు కాల్చాలి. పిండి ముందే గోధుమరంగులో ఉండుటచే రంగును బట్టి పాకం తెలియదు, అంచులు గట్టిపడ్డాయేమో చూడాలి. ఓవెన్ నుండి తీసినపుడు మెత్తగా ఉన్నా చల్లారాక కరకరలాడుతుంది. ఇది తెలియక మరికొంతసేపు ఉంచితే చేదెక్కుతుంది.

బెల్జియంలో స్పెక్యులూస్ అని పిలిచే రకంలో మసాలా తక్కువ, పాకం పట్టిన చక్కెర రుచి ఎక్కువ. బిస్కాఫ్ పేరుతో అమ్మే బిస్కట్టు ఈ రకానికి చెందినదే.