కంది వంశచరిత్రము



సంబంధము కుదుర్చుకొనువారు ముందు గోత్రమడిగి, పిమ్మట రూపము చూతురు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము చిరకాలము రూపమును బట్టియే మొక్కలకు గోత్రములు నిర్ణయించిరి. ఆ నిర్ణయమెంతవఱకు నిలిచినదో మన కంది చరిత్రము వలన తెలియును.

1834లో రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ అను పండితులు దక్షిణదేశపు మొక్కలను వర్ణించుచు, కందిని పోలిన అడవిమొక్కలను ‘అటిలోసియా’ యను వేఱొక ప్రజాతిగా నేర్పఱచిరి. వాని గింజకన్ను చెంత చిన్న బొడిపె యుండును. పొలములోని కందిగింజకు సాధారణముగా నది కనబడదు. ఆ బొడిపెయే జ్ఞాతులను విడదీసినది.

కూకట్‌పల్లి నుండి ముంబాయి బాటను పడమరగా పోయిన పటాన్‌చెరువు వచ్చును. అచ్చట 1972లో మెట్టపంటల కొఱకు ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనసంస్థ వెలసినది. శాస్త్రజ్ఞులు కందిని అడవిజాతులతో సంకరము చేసి చూడగా, కొన్నింట గింజ కట్టి మొలకెత్తెను. పరాయివారైనచో సంతానమెట్లు కలుగును? ఆ సంస్థలో పనిచేసిన వాన్ డెర్ మాసెన్ 1986లో రెండు ప్రజాతులను ‘కజానస్’ అను ఒక్క పేరు క్రిందికి తెచ్చెను.

తరువాత జన్యుపరీక్ష సాక్ష్యమునకు వచ్చినది. లేఖకుడొకడు చేసిన తప్పు తరువాతి ప్రతులన్నిటికిని సంక్రమించును. ఒకే తప్పులున్న తాళపత్రప్రతులు ఒకే మాతృకనుండి పుట్టినవని పండితులు గ్రహింతురు. జీవకణములోని డి.ఎన్.ఏ. వ్రాతలో వచ్చిన మార్పులను పోల్చి మొక్కల చుట్టఱికమును అట్లే తెలియుదురు. ఒకే కొలనిలో పూచు తామరయు కలువయు దగ్గఱి చుట్టములు కావని తేల్చినది ఈ పరీక్షయే.

2011లో ఇక్రిశాట్‌కు చెందిన రాజీవ్ వార్ష్ణేయ మొదలగువారు ‘ఆశ’ యను కందిరకపు జన్యుక్రమమును ప్రకటించిరి. అందు 48,680 జన్యువులున్నట్లు లెక్కించిరి. కొందఱు కందికి పుట్టినిల్లు ఆఫ్రికా యనుచుండిరి. 2012లో వెలువడిన జన్యుపరిశోధన భారతదేశమే యనియు, కందికి మిక్కిలి సమీపజ్ఞాతి కజానస్ కజానిఫోలియస్ అను అడవికంది యనియు బలపఱచినది.

ఆ యడవికంది మన తూర్పుకనుమలలో పెరుగును. దాని కణద్రవ్యము నుండి పుప్పొడి కట్టని కందిమొక్కలను సాధించిరి. అవి తమంతట కాయ కట్టలేవు గనుక, వేఱొక కంది పుప్పొడితో సంకరవిత్తనమగును. ఇట్లు పుట్టిన ఐ.సి.పి.హెచ్. 2671 అను రకమును 2010లో మధ్యప్రదేశమున విడుదల చేసిరి.

కొండచఱియలలో పనికిమాలిన పొదయని మనము నఱికి కాల్చునది రేపటి పంటకు మూలధనము కావచ్చును. తాతలనాటి తాళపత్రమును చెదలపాలు చేయము గదా! పొదను కొట్టుటకు ముందు దాని కాయను విప్పి చూడుడు. కందిపోలిక యున్నచో నిలువనిండు. ఊరి పిల్లలకును ఈ మాట చెప్పుడు.