శరీర నిర్మాణ శాస్త్రం: తెలుగునాట చరిత్ర

దేహంలో ఏ భాగం ఎక్కడుంది, దేనికి ఆనుకుని ఉంది, దేనితో తయారైంది అని చెప్పేది శరీర నిర్మాణ శాస్త్రం. ఆ భాగం చేసే పనిని వివరించేది శరీర ధర్మ శాస్త్రం. తెలుగునాట ఈ శాస్త్రం చరిత్ర రాయబోతే కోతల కన్నా పేర్ల చరిత్రే ఎక్కువ దొరుకుతుంది. ఉదాహరణకు నరం అనే మాట చూడాలి. చేతి మీద నరాలు తేలాయంటే అవి సిరలు. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదన్నా సిరే. మెడ నరం పట్టేసిందంటే కండరం. మడమ వెనక నరం తెగిందంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం. నరాల డాక్టరుకు చూపించుకోమన్నారంటే మాత్రం అసలైన నాడులు. నాలుగు వేరు వేరు నిర్మాణాలకు ఒకటే మాట. ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, ద్రావిడ భాషల సొంత ఆస్తి. తమిళంలో దీని తోబుట్టువు నరంబు నాడికీ, సిరకూ, వీణ తీగకూ కూడా చెల్లుతుంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు కూడా నరానికి ఒకటికి మించిన అర్థాలు ఇచ్చింది. దీన్ని భాష బీదతనంగా చూసేవారున్నారు. ఆధారాలు వేరే మాట చెబుతున్నాయి: కత్తి వెళ్లి వేరు చేసిన చోట పేర్లు కూడా వేరుపడ్డాయి, వెళ్లని చోట కలిసే ఉండిపోయాయి.

చర్మం పైనుంచి తెలిసే భాగాలకు తెలుగులో పేర్ల కరువు లేదు. జబ్బ, మోచేయి, ముంజేయి, మణికట్టు, తొడ, పిక్క, చీలమండ, మడమ, వెన్నుపూస: ప్రతి మలుపుకూ ఒక మాట ఉంది. లోపలికి వెళ్తే కథ మారుతుంది. కడుపు అన్న ఒక్క మాట జీర్ణాశయానికీ, మొత్తం ఉదరానికీ, గర్భాశయానికీ సరిపోతుంది. అయితే లోపలి భాగాలన్నీ ఇలా కలగాపులగంగా లేవు. తెలంగాణలో మేక మాంసం కొట్టు ముందు నిలబడితే కార్జం, తిల్లి, గుర్దా, బోటి, భేజా, నల్లి బొక్క విడివిడిగా వినిపిస్తాయి. కాలేయం, ప్లీహం, మూత్రపిండం, పేగులు, మెదడు, మూలుగ ఉన్న ఎముక అని పాఠ్యపుస్తకం చెప్పేవి ఇవే. వీటిలో సగం మాటలు ఉర్దూవి, ఇంటి వంటలో కలిసిపోయి చాలాకాలమైంది. కటికవారి కత్తి కీలు చూసి దిగుతుంది, ఒక్కో అవయవాన్నీ విడిగా తీసి పెడుతుంది. వండే తీరు వేరు కాబట్టి పేరూ వేరైంది. నాడిని విడిగా వండేవారు లేరు. నరానికి రెండో పేరు పుట్టకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

శాస్త్రానికి మాత్రం పేర్లకన్నా ముందు ఒక ఒప్పందం కావాలి: దేహం ఏ భంగిమలో ఉందనుకుని మాట్లాడుతున్నాం అన్నది. పైన, కింద, ముందు, వెనక అనే మాటలు మనిషి పడుకుంటే ఒకలా, వంగితే మరొకలా అర్థమవుతాయి. అందుకే మనిషి నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ, చేతులు కిందికి వదిలి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నట్టు భావిస్తారు. శవం బల్ల మీద వెల్లకిలా ఉన్నా వర్ణన ఇలాగే సాగుతుంది. మెదక్ జిల్లా కుల్చారంలోని నల్లరాతి పార్శ్వనాథ తీర్థంకరుడి నిలువెత్తు విగ్రహం ఈ భంగిమకు చాలా దగ్గరగా ఉంటుంది. జైనులు దాన్ని కాయోత్సర్గం అంటారు, దేహాన్ని వదిలేసి నిలబడడం అని అర్థం. తేడా అరచేతుల్లో ఉంది. కాయోత్సర్గంలో అవి తొడల వైపు చూస్తాయి, శాస్త్ర భంగిమలో ముందుకు తిరుగుతాయి. ఆ చిన్న తిప్పుడుకు కారణముంది. అరచేయి ముందుకు ఉన్నప్పుడు ముంజేతిలోని రత్ని, అరత్ని అనే రెండు ఎముకలు పక్కపక్కనే సమాంతరంగా నిలుస్తాయి. అరచేయి వెనక్కి తిరిగితే రత్ని వెళ్లి అరత్ని మీద అడ్డంగా పడుతుంది. మోచేతిని కదలకుండా పట్టుకుని అరచేతిని తిప్పిచూస్తే ఆ ఎముక కదలిక వేళ్లకు తెలుస్తుంది. ఇక దిక్కుల పేర్లు: వీపు వైపు పృష్ఠం, పొట్ట వైపు ఉదరం, నడిమి గీతకు దూరంగా పక్కకు ఉంటే పార్శ్వం. కుల్చారం దేవుడి పేరులో ఉన్నదీ ఈ పార్శ్వమే. గర్భంతో ఉన్నప్పుడు తల్లి తన పక్కన పాకిన పామును చూసిందని, అందుకే బిడ్డకు ఆ పేరు వచ్చిందని జైన సంప్రదాయం.

పేర్ల చరిత్రలో మొదటి పొర సంస్కృతానిది. ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహితలోని శారీర స్థానం మృతదేహాన్ని పరిశీలించే పద్ధతి చెబుతుంది. విషం వల్ల గానీ దీర్ఘరోగం వల్ల గానీ పోని, మరీ ముసలిది కాని దేహాన్ని ఎంచుకోవాలి. పేగులు శుభ్రం చేసి, గడ్డి చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో మరుగుచోట పెట్టాలి. ఏడు రాత్రులు నానాక వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తరువాత పొరగా కళ్లతో చూడాలి. ఆ గ్రంథం లెక్కలు 300 ఎముకలు, 210 కీళ్లు, 900 స్నాయువులు, 500 పేశులు అంటే కండరాలు, 700 సిరలు, 24 ధమనులు, 107 మర్మాలు. ఈనాటి లెక్కలో పెద్దవారికి ఎముకలు 206. తేడా ఎందుకంటే సుశ్రుతుడు దంతాలనూ, తరుణాస్థి అనే పేరుతో మృదులాస్థులనూ కలిపి లెక్కపెట్టాడు. ఆ కాలానికి ఇంత ఓపికైన పరిశీలన మెచ్చదగినదే. ఇన్ని పేర్లు అప్పుడే ఉంటే తరువాత వచ్చినవారు చేసిందేమిటని అడిగేవారికి జవాబు ఆ నీటిలోనే ఉంది. ఏడు రోజులు నీటిలో నానిన దేహంలో ఎముకలు, స్నాయువులు నిలుస్తాయి, మెదడు, సన్నని నాడులు కుళ్లి పోతాయి. సంహితలో ఎముకల వర్ణన గట్టిగా, నాడీ మండల వర్ణన పలచగా ఉండడం పద్ధతి నుంచి వచ్చిన ఫలితం. సంహితను నాగార్జునుడు సంస్కరించాడని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పాడు. ఆయనే మన నాగార్జునకొండ ఆచార్యుడని అనుకోవాలని ఉంటుంది గానీ, ఆ పేరుతో ఒకరికి మించి ఉన్నారు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం కణజాలాల గురించి వస్తుంది. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే సప్త ధాతువులే ఈనాటి కణజాలాలని, పేరు ఒక్కటే మారిందని వాదిస్తారు. పైకి చూస్తే పోలిక కనిపిస్తుంది: రక్తం, కొవ్వు, ఎముక ఈనాటి పట్టికలోనూ ఉన్నాయి. పైగా 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో జేవియర్ బిషా 21 రకాల కణజాలాలను గుర్తించినప్పుడు సూక్ష్మదర్శిని వాడలేదు. మరి ఆయనకున్న అర్హత ధాతువాదులకు ఎందుకు లేదు? తేడా పరీక్షలో ఉంది. బిషా వందల శవాలను కోశాడు. ఒక్కో పొరనూ ఉడికించి, ఎండబెట్టి, నానబెట్టి, ఆమ్లంలో వేసి, ఏది ఎలా మారుతుందో చూసి వేరు చేశాడు. ఒకే రకం పొర గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ, పేగుల చుట్టూ ఉందని, జబ్బు అవయవానికి కాక ఆ పొరకు వస్తుందని తేల్చాడు. ధాతు సిద్ధాంతం చెప్పేది మరో సంగతి: తిన్న అన్నం రసమై, రసం రక్తమై, రక్తం మాంసమై వరసగా పరిణమిస్తుందని. అది పోషణ గురించిన ఆలోచన, నిర్మాణం గురించినది కాదు. నాడికి ఆ ఏడింటిలో చోటే లేదు. 1839 ప్రాంతంలో ష్వాన్ జంతు దేహాలన్నీ కణాలతో కట్టినవని చెప్పాక బిషా 21 రకాలు నాలుగుకు కుదిరాయి. దేహాన్ని, లోపలి గొట్టాలను కప్పే పొర ఉపకళా కణజాలం. ఎముక, మృదులాస్థి, కొవ్వు, రక్తం, స్నాయుబంధనం అన్నీ సంయోజక కణజాలం. ముడుచుకుని కదిలించేది కండర కణజాలం, వార్త మోసేది నాడీ కణజాలం. రక్తం, ఎముక ఒకే గుంపులో పడడం కొత్తవారికి వింతగా ఉంటుంది. కణాల కన్నా వాటి మధ్య పదార్థం ఎక్కువగా ఉండడం ఈ రెంటినీ కలిపే లక్షణం: ఎముకలో అది గట్టిది, రక్తంలో ద్రవం.

సుశ్రుతుడి తరువాత పద్దెనిమిదో శతాబ్దం దాకా తెలుగునాట వైద్యగ్రంథాలు చాలా వచ్చాయి గానీ మృతదేహం తెరిచి చూసిన ఆనవాళ్లు వాటిలో కనిపించవు. సంస్కృత మూలానికి తెలుగు తాత్పర్యంతో వైద్యుల ఇళ్లలో తిరిగిన బసవరాజీయం నాడీ పరీక్షతో మొదలవుతుంది. అక్కడ నాడి అంటే మణికట్టు దగ్గర వేలికి తగిలే కొట్టుకోవడం. నేటికీ నాడి చూడడం అంటే జనానికి అదే. పాఠ్యపుస్తకం మాత్రం అదే మాటను మెదడు నుంచి వెళ్లే తీగకు కేటాయించింది. వేలికి తెలిసేది ధమని, పుస్తకంలో నాడి వేరొకటి!

నిజాం రాజ్యంలో ఉన్న మెదక్ సీమకు ఆధునిక శాస్త్రం ఉర్దూ దారిన వచ్చింది. బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడి చికిత్సతో గుణం కనబడ్డ నిజాం నాసిరుద్దౌలా ఆ విద్య తన రాజ్యంలోనూ నేర్పాలన్నాడు. 1846లో విలియం క్యాంబెల్ మెక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి కట్టుబాటు దాటిన 1836కు అప్పటికి పదేళ్లు. హైదరాబాద్ బడిలో 1884 దాకా బోధన ఉర్దూలో సాగింది. చదువు పూర్తిచేసినవారిని హకీములనే పిలిచేవారు. 1885లో బడి బాధ్యత చూసిన ఎడ్వర్డ్ లారీ బోధనను ఇంగ్లీషుకు మార్చాడు, ఆడపిల్లలనూ చేర్చుకున్నాడు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ తరువాత మత్తు వైద్యంలో పేరు తెచ్చుకున్నారు. 1888, 1889 సంవత్సరాల్లో నిజాం డబ్బుతో లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్లు ఆ మత్తుమందు ఊపిరిని ఆపి చంపుతుందే తప్ప గుండెను నేరుగా దెబ్బతీయదని తేల్చాయి. అది తప్పని తరువాత రుజువైనా, ప్రశ్నను ప్రయోగంతో తేల్చుకోవాలన్న పట్టుదల గొప్పదే.

1917లో అనువాద శాఖ దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక గాలి మళ్లీ ఉర్దూ వైపు తిరిగింది. మెడికల్ స్కూల్ ఉస్మానియా వైద్య కళాశాల అయింది. శరీర నిర్మాణ శాస్త్రం తష్రీహ్ అయింది, నాడి అసబ్, సిర వరీద్, ధమని షిర్యాన్, కణజాలం నసీజ్. ఎక్కువగా మధ్యయుగ వైద్యుడు ఇబ్న్ సీనా కాలం నుంచి వచ్చిన అరబ్బీ మాటలను మళ్లీ వాడుకలోకి తెచ్చిన ఈ పని చిన్నదేమీ కాదు. నసీజ్ అంటే నేసినది, టిష్యూ అనే ఫ్రెంచి మాటకూ అర్థం నేతే, మన కణజాలంలో జాలం అంటే వల. మూడు భాషలూ మగ్గం చుట్టూ, వల చుట్టూ తిరగడం ఇంపైన సంగతి. అయితే వీధి ఉర్దూలో సిరకూ, నాడికీ, స్నాయుబంధనానికీ కలిపి నస అంటారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడిన తెలుగులో నరం ఎలాగో అక్కడ నస అలాగే. అసబ్, వరీద్ తరగతి గది దాటి రాలేదు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారడంతో అవి తరగతి నుంచీ పోయాయి.

కోస్తాలో దారి మద్రాసుది. అక్కడ 1835లో వైద్యపాఠశాల వచ్చింది, 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల తెరిచారు. బోధన ఇంగ్లీషే. తెలుగు మాటల పని వైద్య కళాశాలల బయట జరిగింది. వీరేశలింగం శరీర శాస్త్రం మీదా సులభంగా రాశారు. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర గ్రంథాలు అచ్చువేసింది. పాశ్చాత్య వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన ఆచంట లక్ష్మీపతి దానికి రాసినవారిలో ఒకరు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు వేయడంతో ఉపకళ, సంధిబంధనం, రేఖిత కండరం స్థిరపడ్డాయి. శవం పక్కన పుట్టిన మాటలు కావివి, నిఘంటువు ముందు కూర్చుని కట్టినవి. అందుకే పరీక్ష దాకా బతికి, ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగిపోయాయి.

ఇంగ్లీషు మాటలుండగా ఈ తంటా దేనికనేవారు ఆ మాటల పుట్టుక చూడాలి. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట కండర కొసన ఉండే స్నాయువే, మన నరం లాగే. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ మనుషుల దేహాలను కోసి, స్నాయువు వేరు, మెదడు నుంచి వెళ్లే తీగ వేరు అని చూపాక ఆ మాట తీగవైపు ఒరిగింది. సంస్కృత స్నాయువూ స్థిరంగా లేదు: మరాఠీలో కండరం, బెంగాలీలో నాడి, తెలుగు పుస్తకాల్లో బంధనం. ఎక్కడైనా మాటను తేల్చింది కోత, ఆ కోత చూసినవారి నోట అది జనంలోకి రావడం. నరం నాలుగు రకాలని రోగికి విడమరచి చెప్పాల్సింది తెలుగు వచ్చిన వైద్యులే. కుల్చారం ఉన్న మెదక్ జిల్లాకు 2024లో 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మొదటి ఏడాది అక్కడ చదివే సబ్జెక్టుల్లో అనాటమీ ఒకటి, బోధన ఇంగ్లీషులో.