వీళ్లకు లాటిన్ ఎందుకన్నారు

1921 జూన్‌లో అమెరికాలో ముగ్గురు నల్లజాతి మహిళలు పీహెచ్‌డీ పట్టాలు అందుకున్నారు. అంతకుముందు ఆ దేశంలో ఏ నల్లజాతి మహిళకూ ఆ పట్టా దక్కలేదు. జార్జియానా సింప్సన్‌ది షికాగో విశ్వవిద్యాలయం, జర్మన్ భాష. సేడీ టానర్ మోసెల్‌ది పెన్సిల్వేనియా, ఆర్థికశాస్త్రం. ఈవా డైక్స్‌ది రాడ్‌క్లిఫ్, ఇంగ్లిష్ సాహిత్యం. ముగ్గురి విశ్వవిద్యాలయాలు వేరు, చదివిన విషయాలు వేరు. కానీ ముగ్గురికీ వాషింగ్టన్ నగరంలోని ఒకే ప్రభుత్వ ఉన్నత పాఠశాలతో సంబంధం ఉంది. మోసెల్, డైక్స్ అక్కడ చదువుకున్నారు. సింప్సన్ అక్కడ పాఠాలు చెప్పారు. పట్టా చేతికొచ్చేనాటికి డైక్స్ కూడా అక్కడే టీచరు.

ఆ బడి ఒక చర్చి నేలమాళిగలో మొదలైంది. 1862 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ రాజధాని నగరంలో బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారం బానిసలకు కాదు, యజమానులకు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ బడులు నడపడానికి చట్టం వచ్చింది. 1870లో పదిహేనో వీధి ప్రెస్బిటీరియన్ చర్చి కింది గదిలో ఉన్నత పాఠశాల తెరిచారు. అమెరికాలో నల్లజాతి పిల్లల కోసం పెట్టిన మొదటి ప్రభుత్వ ఉన్నత పాఠశాల అదే. దాని పేరులోనే ‘ప్రిపరేటరీ’ అన్న మాట ఉంది. అంటే కాలేజీకి తయారుచేసే బడి. పదేళ్ల కిందటి దాకా చాలా రాష్ట్రాల్లో అక్షరం నేర్పడమే నేరమైన మనుషుల పిల్లలకు, అక్షరంతో సరిపెట్టకుండా ఏకంగా కాలేజీ గుమ్మం చూపించాలనుకున్నారు దాన్ని పెట్టినవాళ్లు.

ప్రధానోపాధ్యాయుల ఎంపికలోనూ అదే పట్టుదల. మేరీ జేన్ ప్యాటర్సన్ 1862లో ఓబర్లిన్ కాలేజీలో బీఏ పూర్తిచేశారు. ఆ పట్టా అందుకున్న తొలి నల్లజాతి మహిళగా చరిత్ర ఆమెనే చెబుతుంది. మధ్యలో ఒక్క ఏడాది తప్ప 1871 నుంచి 1884 దాకా బడి ఆమె చేతిలోనే ఉంది. ఆ ఒక్క ఏడాదీ కుర్చీలో కూర్చున్నది రిచర్డ్ గ్రీనర్, హార్వర్డ్ కాలేజీ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి. 1891లో బడికి ఎమ్ స్ట్రీట్‌లో సొంత ఇటుక భవనం వచ్చింది. అప్పటినుంచి అందరికీ అది ‘ఎమ్ స్ట్రీట్ స్కూల్’. 1899లో నగరంలోని నాలుగు ఉన్నత పాఠశాలల పిల్లలకు పరీక్షలు పెడితే, ఈ బడి పిల్లలు మూడు తెల్లవారి బడుల్లో రెండింటిని దాటేశారు.

ఇంత మంచి ఉపాధ్యాయులు ఒక్క బడిలో ఎలా కూడారన్నది అసలు ప్రశ్న. జవాబు అంత ముచ్చటైనదేమీ కాదు. హార్వర్డ్‌లో చదివినా, కార్నెల్‌లో చదివినా నల్లజాతి పట్టభద్రుడికి తెల్లవారి కాలేజీలో ఉద్యోగం లేదు, కంపెనీల్లో లేదు, ప్రయోగశాలల్లో లేదు. వాషింగ్టన్ పాఠశాలల డబ్బు మాత్రం కాంగ్రెస్ చేతి మీదుగా వచ్చేది, నల్లజాతి టీచర్లకూ తెల్లజాతి టీచర్లకూ ఒకటే జీతాల పట్టిక. దక్షిణాది రాష్ట్రాల్లో ఊహకు కూడా అందని సంగతి అది. అందుకే విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పాల్సినవాళ్లు ఉన్నత పాఠశాలలో చెప్పారు. హార్వర్డ్ డాక్టరేట్ పొందిన కార్టర్ వుడ్‌సన్ ఇక్కడ భాషలు, చరిత్ర బోధించారు. ఏటా ఫిబ్రవరిలో అమెరికా జరుపుకునే నల్లజాతి చరిత్ర మాసానికి బీజం వేసింది ఆయనే. నవలా రచయిత్రి జెస్సీ ఫాసెట్ ఫ్రెంచి చెప్పారు. కవయిత్రి, నాటకకర్త ఏంజెలినా గ్రిమ్కె ఇంగ్లిష్ చెప్పారు.

ఆడవాళ్లకు మరో గోడ కూడా ఉండేది. పెళ్లయితే టీచరు ఉద్యోగం వదులుకోవాలి. లాటిన్ చెబుతున్న మేరీ చర్చ్, అదే బడిలో అంతకుముందు లాటిన్ చెప్పిన రాబర్ట్ టెరెల్‌ను 1891లో పెళ్లాడి రాజీనామా చేశారు. భర్త మాత్రం తర్వాత అదే బడికి ప్రధానోపాధ్యాయుడు అయ్యారు. ఇంట్లో కూర్చోవడం మేరీ టెరెల్ స్వభావంలో లేదు. దాదాపు తొంభై ఏళ్ల వయసులో, నల్లవారికి భోజనం పెట్టనన్న వాషింగ్టన్ రెస్టారెంటు మీద కేసు నడిపి 1953లో సుప్రీంకోర్టులో గెలిచారు.

ఈ బడి చరిత్రలో నన్ను అందరికంటే ఎక్కువ ఆపేది అన్నా జూలియా కూపర్. 1858లో ఉత్తర కరోలినాలో బానిస తల్లి కడుపున పుట్టారు. ఇరవై ఒక్క ఏళ్లకే భర్త పోయాడు. ఓబర్లిన్‌లో బీఏ, ఆపైన ఎంఏ చేసి 1887లో వాషింగ్టన్ బడికి లెక్కల టీచరుగా వచ్చారు. 1892లో ‘ఎ వాయిస్ ఫ్రమ్ ద సౌత్’ పుస్తకం రాశారు. 1902లో ప్రధానోపాధ్యాయురాలయ్యారు.

దేశమంతా ఒక వాదన సాగుతున్న కాలం అది. నల్లజాతి పిల్లలకు వడ్రంగం, ఇటుకపని, వంట, కుట్టు నేర్పితే చాలు, ముందు పొట్ట నిండాలి అన్నది బుకర్ టి. వాషింగ్టన్ పక్షం. తెల్లజాతి ధనవంతులకు ఆ మాట ఎంతో నచ్చింది, విరాళాలు కురిశాయి. లేదు, ముందుకు నడిపించేవాళ్లు కావాలంటే ఉన్నత విద్యే కావాలన్నది డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ పక్షం. ఎమ్ స్ట్రీట్ బడికి దగ్గర్లోనే 1902లో ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిపనుల పాఠశాల మొదలైంది. దాని ప్రారంభోత్సవంలో మాట్లాడింది బుకర్ టి. వాషింగ్టనే. మరుసటి చలికాలంలో ఎమ్ స్ట్రీట్ పిల్లల ముందు డుబోయిస్ మాట్లాడారు. రాజధానిలో రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడ్డాయన్నమాట. మన దగ్గర కూడా కూలివాళ్ల పిల్లవాడు బడికి పోతుంటే ‘చదివి ఏ ఊళ్లేలాలి’ అని వెక్కిరించిన కాలం మరీ అంత పాతదేమీ కాదు కనుక, ఈ తగువు తెలుగువాళ్లకు కొత్తగా అనిపించదు.

కూపర్ చేతిపనులను చిన్నచూపు చూడలేదు. ఎవరి శక్తిని బట్టి వారికి చదువు అన్నారు. కానీ లాటిన్, గ్రీకు, ఉన్నత గణితం చదవగల పిల్లవాడికి ఒంటి రంగు చూసి రంపం చేతికివ్వడాన్ని ఒప్పుకోలేదు. 1903లో ఫెలిక్స్ క్లెయిన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు ఆమె తరగతికి వచ్చారు. ఆమె పిల్లల చేత వర్జిల్ లాటిన్ కావ్యం ‘ఈనీడ్’ చదివిస్తున్నారు. ఆ తరగతిని మెచ్చుకుంటూ ఆయన తన యాత్రాగ్రంథంలో రాసుకున్నారు. ఆమె హయాంలో పిల్లలు హార్వర్డ్, యేల్, బ్రౌన్, ఓబర్లిన్ వంటి కాలేజీల మెట్లెక్కారు.

అదే ఆమెకు మీదకొచ్చింది. నగర ఉన్నత పాఠశాలల డైరెక్టరు పెర్సీ హ్యూస్ అనే తెల్లజాతి అధికారి. బడిలో క్రమశిక్షణ సడలిందన్నారు. వెనకబడిన పిల్లల మీద ఆమెకు జాలి ఎక్కువన్నారు. అనుమతి లేని పాఠ్యపుస్తకం వాడారన్నారు. అవి చాలలేదేమో, ఆమె ఇంట్లో ఉంటున్న, చిన్నప్పటినుంచి ఆమె పెంచిన యువకుడి పేరు లాగి పుకార్లు లేపారు. ఒంటరి ఆడమనిషిని దించడానికి ఏ దేశంలోనైనా వాడే ఆయుధమే అది. నెలల తరబడి విచారణ, పత్రికల్లో రచ్చ జరిగాక, 1906లో విద్యా బోర్డు ఆమెను మళ్లీ నియమించలేదు. లాటిన్ చెప్పినందుకు తీసేశామని ఎవరూ రాయలేదు. అసలు కారణం అదేనని నాకు అనుమానం లేదు.

నాలుగేళ్లు మిస్సోరీలో పాఠాలు చెప్పుకుని, 1910లో అదే బడికి మామూలు లాటిన్ టీచరుగా తిరిగొచ్చారు. ఒకప్పుడు తాను నడిపిన బడిలో మరొకరి కింద పనిచేశారు. 1915లో అన్న మనవల్ని ఐదుగురిని, చంటిపిల్లతో సహా, ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్లను పెంచుతూ, సెలవుల్లో చదువుతూ, 1925లో పారిస్ సోర్బోన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ సాధించారు. విషయం ఫ్రెంచి విప్లవ కాలంలో బానిసత్వం పట్ల ఫ్రాన్స్ వైఖరి. సిద్ధాంత వ్యాసం రాసింది ఫ్రెంచిలో. అప్పటికి ఆమె వయసు 66. 1930లో ఉద్యోగ విరమణ చేసి, 1964లో 105 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తర్వాత అమెరికా పాస్‌పోర్టు పేజీల్లో ఆమె వాక్యం ఒకటి అచ్చువేశారు.

బడి 1916లో కొత్త భవనంలోకి మారింది. పదేళ్ల కిందట చనిపోయిన కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు పెట్టారు. పెద్ద సభామందిరం, అందులో పైపు ఆర్గాన్, గ్రంథాలయం అన్నీ అమిరాయి. పిల్లల జీవితం తరగతి గదితోనే అయిపోయేది కాదు. అన్నిటికన్నా పెద్ద సంబరం క్యాడెట్ల కవాతు పోటీ. అంతర్యుద్ధంలో మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్న నల్లజాతి సైనికుడు క్రిస్టియన్ ఫ్లీట్‌వుడ్ తొలినాళ్లలో ఈ దళానికి శిక్షణ ఇచ్చారు. ఏటా జరిగే పోటీని చూడటానికి నల్లజాతి వాషింగ్టన్ అంతా తరలివచ్చేది. ఈ దళంలో కవాతు చేసిన బెంజమిన్ డేవిస్ 1940లో అమెరికా సైన్యంలో మొదటి నల్లజాతి జనరల్ అయ్యారు. ఇదే బడిలో చదివిన వెస్లీ బ్రౌన్ 1949లో నౌకాదళ అకాడమీ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి యువకుడు.

సంగీతం సంగతి చెప్పకపోతే జాజ్ అభిమానులు ఊరుకోరు. పియానో విద్వాంసుడు బిల్లీ టేలర్ డన్‌బార్ విద్యార్థే. డ్యూక్ ఎలింగ్టన్ మాత్రం పక్కనున్న ఆర్మ్‌స్ట్రాంగ్‌లో చదివి, పూర్తిచేయకుండానే వదిలేశాడు. అయినా అతనికి స్వరసమ్మేళనం విడిగా నేర్పింది డన్‌బార్ సంగీతం మాస్టారు హెన్రీ గ్రాంట్.

విద్యార్థులకు ఇచ్చే చిన్న పుస్తకంలో దుస్తులు, నడక, వీధిలో మాటతీరు కూడా రాసి ఉండేవి. చదివితే కొంచెం చిరాకు పుడుతుంది. కానీ బడి గేటు దాటితే పరిస్థితి వేరు. కొట్లలో కౌంటర్ దగ్గర కూర్చుని తిననివ్వరు. నేషనల్ థియేటర్ ప్రేక్షకుల్లో కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1948లో నాటకాలే మానేసింది. పిల్లవాడి చిన్న తప్పు జాతి మొత్తం మీద పడే ఊళ్లో, టీచర్లు ఆ మేరకు జాగ్రత్తలు నూరిపోశారు. లేతరంగు పిల్లలకు, డాక్టర్ల, గుమాస్తాల పిల్లలకు బడిలో మర్యాద ఎక్కువన్న ఫిర్యాదు కూడా ఉండేది. చాలామంది పాత విద్యార్థులే ఆ మాట చెప్పారు కనుక కొట్టిపారేయలేం. అయితే రక్తంలోని ప్లాస్మాను నిల్వచేసే పద్ధతికి బాట వేసిన వైద్యుడు చార్లెస్ డ్రూ తండ్రి ఇళ్లలో తివాచీలు పరిచే పనివాడు. డ్రూ 1922లో ఇక్కడ చదువు ముగించి అమ్హర్‌స్ట్ కాలేజీకి వెళ్లారు. విలియం హేస్టీ కూడా డన్‌బార్ నుంచి అమ్హర్‌స్ట్‌కే వెళ్లి, 1937లో మొదటి నల్లజాతి ఫెడరల్ న్యాయమూర్తి అయ్యారు. కేంద్ర మంత్రివర్గంలో తొలి నల్లజాతి మంత్రి రాబర్ట్ వీవర్, ప్రజల ఓటుతో సెనేటుకు ఎన్నికైన తొలి నల్లజాతి నాయకుడు ఎడ్వర్డ్ బ్రూక్ ఇక్కడివాళ్లే.

చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. పదిహేనేళ్లకే, 1911లో ఎమ్ స్ట్రీట్ చదువు ముగించారు. అమ్హర్‌స్ట్, మొదటి ప్రపంచ యుద్ధం, హార్వర్డ్ న్యాయ కళాశాల దాటి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పారు. తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ ఆయన శిష్యుడే. దక్షిణ కరోలినాలో సినిమా కెమెరా పట్టుకుని తిరిగి, తెల్లవారి బడినీ నల్లవారి బడినీ పక్కపక్కన చూపించారు. ‘వేరైనా సమానమే’ అన్న చట్టపు మాటను కోర్టుల్లో మెట్టుమెట్టుగా కూల్చే వ్యూహం ఆయనదే. వాషింగ్టన్‌లో గార్డ్‌నర్ బిషప్ అనే మంగలి, తల్లిదండ్రులను కూడగట్టి పాఠశాలల్లోని వేర్పాటు మీద పోరాటం మొదలుపెడితే, హ్యూస్టన్ ఆ పని చేపట్టారు. గుండెజబ్బుతో మంచాన పడి, కేసును జేమ్స్ నబ్రిట్‌కు అప్పగించి, 1950 ఏప్రిల్‌లో మరణించారు. 1954 మే 17న ‘బోలింగ్ వర్సెస్ షార్ప్’ తీర్పు రాజధాని బడుల్లో వేర్పాటు చెల్లదంది.

ఆ తీర్పుతో డన్‌బార్ కాలం కూడా ముగిసింది. అప్పటిదాకా నగరంలో ఎక్కడున్నా, కాలేజీకి పోదలచిన నల్లజాతి పిల్లలు ఈ బడిని ఎంచుకునేవారు. ఇప్పుడు ఏ పేట పిల్లలు ఆ పేట బడికే. డన్‌బార్ ఉన్న పేట పేదది. పాత టీచర్లు విరమించారు, మిగతా చదువుకున్నవాళ్లకు వేరే ఉద్యోగాల తలుపులు తెరుచుకున్నాయి. 1916 నాటి భవనాన్ని కాపాడాలని పూర్వ విద్యార్థులు పోరాడినా 1977లో పడగొట్టారు. దాని స్థానంలో వచ్చిన కాంక్రీటు కట్టడం ఎవరికీ నచ్చలేదు. 2013లో మరో కొత్త భవనం తెరిచారు. అప్పటి నగర మేయరు విన్సెంట్ గ్రే కూడా డన్‌బార్‌లో చదువుకున్నవారే.

వేర్పాటు ఉన్న రోజుల్లోనే చదువు బాగుండేదని కొందరు నిట్టూరుస్తారు. ఆ మాటతో నేను ఏకీభవించను. డన్‌బార్ వెలుగుతున్న ఆ రోజుల్లోనే, అదే నగరంలో బ్రౌన్ జూనియర్ హైస్కూల్ నల్లజాతి పిల్లలు చోటు చాలక రెండు పూటలుగా చదివేవారు. తెల్లవారి బడుల్లో బెంచీలు ఖాళీగా ఉండేవి. ఒక్క మంచి బడిని చూసి ఆ ఏర్పాటును మెచ్చుకోలేం. డన్‌బార్‌ను నిలబెట్టింది వేర్పాటు కాదు. సమాన జీతం, విషయం మీద పట్టున్న ఉపాధ్యాయులు, పేదపిల్లలకు పల్చని చదువు చాలునన్న మాటను ఒప్పుకోని మొండితనం నిలబెట్టాయి. ఈ మూడూ వేర్పాటు లేకుండా కూడా ఇవ్వగలిగినవే. ప్రభుత్వాలు ఇవ్వలేదు.

అలిసన్ స్టూవర్ట్ రాసిన ‘ఫస్ట్ క్లాస్’ పుస్తకం ఈ బడి కథంతా చెబుతుంది, 2013లో వచ్చింది. కూపర్ ‘ఎ వాయిస్ ఫ్రమ్ ద సౌత్’కు కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన అనువాదకులు ఎవరైనా దాని మీద చేయి వేస్తే బాగుంటుంది.