తాబేలు చొరబడ్డ ఇల్లు

పోయిన ఆదివారం డల్లాస్ నుంచి మనవరాలు వీడియో కాల్ చేసింది. గాజు తొట్టెలో ఇసుక, ఇసుక మీద చిన్న శంఖం. చూస్తుండగానే శంఖానికి కాళ్లొచ్చాయి! సన్యాసి పీతట. "అవ్వా, దీన్ని చేతిలోకి తీసుకోవచ్చా? అమ్మ వద్దంటోంది" అని పంచాయితీ నా దగ్గరికి తెచ్చింది.

సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న నల్లచెరువు మనిషిని, పీతల సంగతి నాకేం తెలుసు? "నాకు తెలిసింది తాబేలు కథ. చెప్తా విను" అన్నాను. ఆ పిల్లకు చెప్పిందే కాస్త వివరంగా మీకూ రాస్తున్నాను.

మా కదిరి వైపు గుట్టల్లో, చెనిక్కాయ చేల గట్ల వెంట, తొలకరి పడగానే నక్షత్ర తాబేళ్లు బయటికొచ్చేవి. నల్లటి డిప్ప మీద పసుప్పచ్చ గీతలు, ఎవరో కూర్చుని ముగ్గు వేసినట్టు. 1795లో షోఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి పేరు పెడుతూ 'ఎలిగాన్స్' అన్నాడు. అందమైనదని అర్థం. ఆ అందమే దాని కొంప ముంచింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అన్న ఒకదాన్ని పట్టుకొచ్చి గంప కింద దాచాడు. మా జేజి చూసి గుండెలు బాదుకుంది. "తాబేలు చొరబడ్డ ఇల్లూ, అమీనా చొరబడ్డ ఇల్లూ బాగుపడవురా. తీసకపోయి చేన్లో ఇడిసిపెట్టు" అంది. అమీనా అంటే అప్పు కింద జప్తు చేయడానికి కోర్టు నుంచి వచ్చే మనిషి. మేం వింటేగా! పశువుల కొట్టంలోకి మార్చి రోజూ పాలన్నం పెట్టాం. బడి నుంచి రాగానే నేను ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఎత్తినప్పుడల్లా తల లోపలికి లాక్కుని నా పావడా తడిపేది. అలిగిందనుకునేదాన్ని. కరువు నేల మీద బతికే జీవి, ఒంట్లో దాచుకున్న నీళ్లను భయంతో అలా పోగొట్టుకుంటుందని చాలా ఏళ్లకు తెలిసింది. గడ్డీ ఆకూ తినేదానికి పాలన్నం పడదనీ అప్పుడే తెలిసింది. శివరాత్రికి డిప్ప మెత్తబడింది. ఉగాదికి తాబేలు లేదు.

జేజిది మూఢనమ్మకమే, కాదనను. కానీ ఆ భయమే తరతరాలు తాబేలుకు కాపలా కాసింది. తర్వాత ఏ గాలి వీచిందో, ఇంట్లో తాబేలుంటే డబ్బు నిలుస్తుందన్న మాట పట్నాల్లో పాకింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా గోనెసంచుల్లో తరలింపు ఆగలేదు. మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం దగ్గరే ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్లను అడవి నుంచి పట్టారని 2015లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. నాకు ఆ అంకె కన్నా, కొన్నవాళ్లంతా నాలాగే ముద్దుగా ఒళ్లో పెట్టుకుని ఉంటారన్నదే ఎక్కువ బాధ. 2022 చట్ట సవరణతో ఇది పులి, ఏనుగులున్న మొదటి షెడ్యూలులో చేరింది. కొనడమే కాదు, ఇంట్లో పెట్టుకున్నా నేరమే.

"మరి శ్రీకూర్మం గుడిలో ఉన్నాయి కదా" అంటారు మీరు. ఉన్నాయి, నేనూ చూశాను. భక్తులు ఆకుకూరలు పెడుతుంటే తింటున్నాయి. ఎవరైనా డిప్ప తాకి కళ్లకద్దుకోబోతే మాత్రం తల లోపలికే!

మనవరాలుండే దేశం ఇదే పాఠం ఇంకో దారిలో నేర్చుకుంది. బుల్లి తాబేళ్లతో ఆడుకున్న పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు వస్తోందని, 1975లో నాలుగు అంగుళాల కన్నా చిన్నవాటి అమ్మకం అక్కడ ఆపేశారు. చేతులు కడిగించే తల్లులకు ఈ సంగతి తెలిసుండటం మంచిది.

పీత గురించి మా అమ్మాయి చదివి చెప్పింది. దుకాణాల్లో అమ్మేవి దాదాపు అన్నీ సముద్రపు ఒడ్డున పట్టి తెచ్చినవేనట. మొప్పలు తడిగా ఉంటేనే దానికి ఊపిరి. ఇసుకలో దూరి కుబుసం విడిచే రోజుల్లో తవ్వి తీస్తే చచ్చిపోవచ్చు.

"అయితే ఎత్తొద్దా అవ్వా?"

"ఎత్తొద్దు తల్లీ. తొట్టెలో చెయ్యి పెట్టి ఉంచు. ఎక్కితే ఎక్కనీ, లేకపోతే చూస్తూ కూర్చో."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ తాబేలుకు పేరేం పెట్టారు?" అని అడిగింది.

"లక్ష్మి" అన్నాను.